వెన్నెల్లో కొట్టిన వెదురు

ఆయన ఏ ఇంటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించేవాడు కాదు. గడప దాటగానే తల ఎత్తి కప్పు చూసేవాడు. దూలాలు, వాసాలు, వెదురు, కట్లు అన్నీ కళ్లతోనే తడిమి, ఆ తర్వాత "బాగున్నరా" అనేవాడు. ఒకసారి పెళ్లిచూపులకు పెద్దమనిషిగా తీసుకుపోతే అక్కడా అంతే. పిల్లని చూడకుండా పైకి చూస్తున్నాడేమిటని పెళ్లివారు నవ్వారట. "పిల్లను మీరు చూస్కోండి, నేను ఇల్లు చూస్త" అన్నాడట.

పేరు చెప్పను. చెప్పినా మా ఊళ్లో సగం మందికి తెలియదు. పిల్లలకు తాత, నాకు మామ. వరసకు మామే గాని చుట్టరికం ఏమీ లేదు. ఇళ్లకు కప్పు కట్టడం ఆయన పని. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. నా గొంతు పెద్దదైనప్పుడల్లా ఆమె కలం ఆపి నా మొహం చూస్తోంది. ఏం చేయను, నా గొంతే అంత.

ఆయన పోయి రెండు నెలలు దాటింది. నిన్న పొద్దున మా కమిటీ హాలు ఊడుస్తున్నాను. చీపురు కింద మెత్తగా, సెనగపిండి లాంటి పొడి కనబడింది. ఆ పొడి ఏమిటో నాకు తెలుసు. వెదురు లోపల పురుగు తింటుంటే చిల్లుల్లోంచి బయటికి రాలే పిండి అది. చీపురు అక్కడే పడేసి, బల్ల జరుపుకుని ఎక్కాను. అందినంత మేర ఆయన కట్టిన కప్పులో ఒక్కో వెదురూ చేత్తో తడిమాను. నల్లగా, నున్నగా, ఇనుప కడ్డీల్లా ఉన్నాయి. ఒక్క చిల్లు లేదు. బల్ల దిగి వెతికితే మూలన ఆనించిన జెండా గడ దొరికింది. పంద్రాగస్టుకని ఎవరో పచ్చిది కొట్టుకొచ్చి, పని అయ్యాక అక్కడ పెట్టి మరిచిపోయారు. దాని ఒంటి నిండా చిల్లులే. ఈడ్చుకెళ్లి బయట పారేసి, గోడకి ఆనుకుని కూర్చున్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది. ఆయన పోయిన రోజు రాని ఏడుపు.

ఆయనకు నాలుకే కొలత. కట్టెనైనా, సున్నాన్నైనా, గోడకి తెచ్చిన మట్టినైనా కాస్త గోటితో గీకి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. వెదురు చప్పగా ఉంటే తల ఊపేవాడు. తియ్యగా ఉంటే పక్కకి తిరిగి ఉమ్మేసేవాడు. ఇంక ఆ గడ ఆయన చేత్తో పైకి ఎక్కదు. నడుముకు ఎప్పుడూ కట్లకు వాడే అడ్డతీగ నార చుట్ట ఉండేది. మాట్లాడుతున్నా, ఎవరితో మాట పడుతున్నా ఆ నారను ఎడమ తొడ మీద పేనుతూనే ఉండేవాడు. ఆ తొడ మీద ఒక్క వెంట్రుక మిగల్లేదు.

వెదురు చీకటి రోజుల్లోనే కొట్టాలనేవాడు. వెన్నెల రోజుల్లో వెదురు కడుపు నిండా తాగి ఉంటుందట, చీకటి రోజుల్లో ఉపవాసం ఉంటుందట. ఉపవాసం ఉన్నదాన్ని పురుగు ముట్టదట. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చివర ఒకటి కలిపేవాడు.

"ఒక్క పనికి మాత్రం ఎప్పుడు కొట్టినా నడుస్తది."

ఏం పని మామా అంటే నవ్వేవాడు. "ఆ పనొచ్చిన్నాడు నన్నడగకురి" అనేవాడు.

ఇక హాలు సంగతి చెప్పాలి. మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట, రోడ్డు దిగి చాలా దూరం నడవాల్సిన ఊరు. వానాకాలం వాగు పొంగితే మేము ఇటు, లోకం అటు. మా అత్తమామల నాటి వాళ్లు రాయి మోసి కట్టుకున్న హాలు అది. రాతిగోడలు, టేకు దూలాలు గట్టివే. పట్టించుకునేవాళ్లు లేక కప్పు సగం కూలింది. మిగిలిన సగం కింద బీడీ ఆకు కాంట్రాక్టరు బస్తాలు వేసుకుని తాళం పెట్టాడు. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒక ఏడు వానల్లో జ్వరాలు వచ్చాయి. నర్సమ్మ మందులతో వచ్చింది గాని మనుషుల్ని పడుకోబెట్టే చోటు లేదు. హాలు ముందు వేపచెట్టు కింద మంచాలు వేశారు. పైన తుంపర. నా మొగుడు మూడు రోజులు అక్కడే వణికాడు. తాళం వేసిన తలుపుకి, ఆయన మంచానికి మధ్య పది అడుగులు కూడా లేవు. లోపల ఆకు పొడిగా ఉంది, బయట నా మొగుడు తడుస్తున్నాడు. నాలుగో రోజు భద్రాచలం దవాఖానాకి మోసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

ఆ తర్వాతే మా సేవా సంఘంలో నా గొంతు లేచింది. అంతకుముందు సంఘమంటే చావు ఇంటికి మొదటి పూట వంట పంపడం, పెళ్లిళ్లకు గుండిగలు ఇవ్వడం, నడవలేని వాళ్లని మంచం మీద రోడ్డు దాకా చేర్చడం, అంతే. హాలు బాగుచేద్దామని నేను పట్టుబట్టాను. తాళం తీయించాం. పెనుబల్లి దగ్గర ఒక రైతు పాత ఇల్లు విప్పుతూ గూనపెంకులు ఊరికే ఇస్తే ట్రాక్టరులో తెచ్చుకున్నాం. ఇంక కావలసింది వెదురు ఒక్కటే.

ఆ తర్వాత వచ్చిన ఉగాది రోజునే మండలాఫీసు సారు కబురు పంపాడు. హాలు పదేళ్లకు తనకు ఇస్తే రేకులు తనే వేయించుకుంటానని కాంట్రాక్టరు అర్జీ పెట్టాడట. సారు మంచి చెడ్డ రెండూ కాని మనిషి. భద్రాచలంలో రాములవారి కల్యాణం పని అయ్యాక మూడో రోజున వస్తానన్నాడు. అప్పటికి కప్పు నిలబడి ఉంటే హాలు ఊరిది, లేకపోతే కాంట్రాక్టరుకి రాసిస్తానన్నాడు.

ఉగాది నుంచి నవమి, నవమి మీద మూడు రోజులు. లెక్క వేసుకోండి. అన్నీ వెన్నెల రోజులే.

మామ ఊళ్లో లేడు. పండుగకి వైరా దగ్గర కూతురింటికి వెళ్లాడు. ఉండి ఉంటే ఆగమనేవాడని నాకు తెలుసు. తెలిసే, ఆయన రాకముందే సంఘం ఆడవాళ్లని తీసుకుని అడవికి నడిచాను. తెలియక చేసిన పని అని ఇవాళ కూడా చెప్పను. ఫారెస్టు గార్డు దారిలో పట్టుకున్నాడు. హాలుకని బతిమాలితే, ఈ ఒక్కసారికే ఊరుకుంటున్నానని, మళ్లీ మోపు కనబడితే కేసు రాస్తానని చెప్పి వదిలేశాడు. రెండు రోజులు మోసి హాలు ముందు కుప్ప పోశాం. భుజాలు తోలు లేచాయి. అయినా ఆ పచ్చటి కుప్పని చూస్తే కడుపు నిండినట్టు అనిపించింది.

ఐదో రోజు మామ దిగాడు. చేతి సంచీ కూడా ఇంట్లో పెట్టకుండా నేరుగా కుప్ప దగ్గరికి వచ్చాడు. ఒక గడ చివర గోటితో గీకాడు. నాలుక మీద వేసుకున్నాడు. మేమంతా ఆయన మొహమే చూస్తున్నాం. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"ఎన్నడు కొట్టిన్రు?"

"ఉగాది తెల్లారి" అన్నాను.

"ఇది పైకెక్కది."

గట్టిగా లేదా అని అడిగాను. ఇవాళ గట్టిగానే ఉంటుందన్నాడు. సారు వచ్చిన రోజు కూడా ఉంటుందన్నాడు. మూడో ఏట వానల్లో పెంకుతో సహా పిల్లల మీద పడుతుందన్నాడు. వాగులో వేసి నెల నానబెడితే తీపి పోతుందేమో గాని, ఆ ఎండల్లో వాగులో చెంబు ముంచే నీళ్లు లేవు. మూడో ఏటి సంగతి అప్పుడు చూసుకుందాం, ముందు హాలు దక్కనీ అన్నాను. ఆయన నార పేనుకుంటూ, "నా చేత్తోని కట్టనే కట్ట" అన్నాడు. ఊళ్లో ఇంకెవరికీ ఆ పెంకు నిలబెట్టడం రాదు.

అప్పుడు నా నోరు లేచింది. ఊరంతా విన్నది.

"అమాసదాక ఆగమంటవా? అమాసకు అండ్ల ఆకు బస్తాలుంటయ్. నా మొగడు గీ చెట్టు కిందనే తడిసిండు, నువ్వు సూడలేదా? పురుగు పట్టని వెదురే కావాల్నంటే నీ ఇంటి మీదున్నది. పో, పోయి ఇప్పుకరా."

ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని లాగారు. పెద్దవాడిని ఆ మాట అనకూడదు. బతికున్న మనిషి ఇంటికప్పు విప్పమనడం మా వైపు తిట్టు కిందే లెక్క. ఆయన తొడ మీద చెయ్యి ఆగిపోయింది.

"అవ్, ఉన్నది" అన్నాడు. సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

అలిగాడనుకున్నాం. రేపు నలుగురం వెళ్లి కాళ్లు పట్టుకుందామనుకున్నాం. తెల్లవారి నేను వెళ్లేసరికి ఆయన తన ఇంటి మీద కూర్చుని ఉన్నాడు. తాటాకు అప్పటికే దించేశాడు. ఎముకల గూడులా ఇల్లు ఆకాశానికి కనబడుతోంది. కొడవలితో పాత కట్లు కోస్తున్నాడు. ముప్పై ఏళ్ల వంట పొగ తాగి ఆ వెదురు తారు పూసినట్టు మెరుస్తోంది.

"దిగు మామా, నోరు జారిన. నా చెంప పగలగొట్టు గాని దిగు" అన్నాను.

"జారలే కోడలా. మంచి మాటనే వచ్చింది నీ నోట్లకెంచి. నాకే తట్టలే. ఆ తాడు పట్టు."

తాడు పట్టాను. ఇంకేం చేయను. హాలు కావాలి నాకు. ఆ వెదురు ఒక్కొక్కటీ తాడు మీద దిగి నా చేతిలోకి వస్తుంటే, వద్దు అనే మాట నా గొంతులోనే ఉండిపోయింది. అంత పెద్ద గొంతు, ఆ ఒక్క మాటకి లేవలేదు. మధ్యాహ్నానికి ఇల్లు, సాయంత్రానికి పశువుల కొట్టం విప్పేశాం. ఆయన వంటపొయ్యి ఎండలో పడింది. దాని వంక ఒక్కసారి చూసి, పొయ్యి మీద గంప బోర్లించి, హాలు వైపు నడిచాడు.

మిగిలిన రోజులు ఎవరూ సరిగా తినలేదు. ఆయన పైన కడుతుంటే మేం కింద నార తడిపి అందించేవాళ్లం. నవమికి నడిచిపోయే భక్తులు రోడ్డు మీద నీళ్లు అడిగితే, కుండ చూపించేవాళ్లం గాని పని ఆపలేదు.

జీపు వచ్చేసరికి ఇంకా రెండు వరసల పెంకు మిగిలే ఉంది. సారుతో పాటు కాంట్రాక్టరు మనిషి కూడా దిగాడు. సారు లోపలికి వచ్చి పైకి చూశాడు.

"ఇదేమిటి, కాలిపోయిన వెదురా?"

"ఏడనో కూలిన కప్పు తెచ్చి పెట్టిన్రు సార్. ఒక్క వానకు ఆగది" అన్నాడు కాంట్రాక్టరు మనిషి.

నా నోరు తెరుచుకుంది. మామ నిచ్చెన దిగుతూ నా వంక చూసిన చూపుకి మళ్లీ మూసుకుంది. బల్ల ఈడ్చుకొచ్చి ఎక్కాడు. పక్కపక్కన ఉన్న రెండు వెదుళ్లు రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్లు ముడిచి, కాళ్లు గాలిలోకి వదిలేశాడు. డెబ్బై ఏళ్ల మనిషి గబ్బిలంలా వేలాడాడు. కప్పు కిర్రుమనలేదు.

"నువ్వు బక్క పానమే ముసలోడా, గాలికైనా ఆగుతవ్" అని కాంట్రాక్టరు మనిషి నవ్వాడు.

మామ దిగి, "కోడలా, ఎక్కు" అన్నాడు. నేనా అన్నాను. "నీకు ఆగితే ఏనుగుకు ఆగుతది. ఎక్కు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొంగు బిగించి ఎక్కాను. పట్టుకున్నాను గాని బల్ల మీంచి కాళ్లు తీయడానికి ధైర్యం చాలలేదు. ఒక్కటి ఫట్‌మంటే అంతా పోయినట్టే. జ్వరం వస్తే మళ్లీ ఆ చెట్టు కిందే మంచాలు. కళ్లు మూసుకుని కాళ్లు తీసేశాను. నా బరువంతా నా చేతుల మీదికి వచ్చింది. చేతుల్లో వెదురు చలించలేదు. పైనుంచి మసి మాత్రం రాలింది. నా నెత్తి మీద, సారు తెల్లచొక్కా మీద.

సారు చొక్కా దులుపుకుంటూ ఈ వెదురు ఎక్కడిదని అడిగాడు.

"ముప్పై ఏండ్ల కింద అమాసకు కొట్టిన సారూ. మా ఇంటామె పొగ పెట్టింది."

"ఆమె ఎక్కడ?"

"ఆమె పోయింది. పొగున్నది."

సారు బయటికి నడిచాడు. జీపు ముందు రేకు మీద కాగితం పెట్టి రాశాడు. హాలు ఊరి వాడకంలో ఉందని రాశాడట. నేను వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను. చేతి మసి కూడా దాని మీద పడింది.

అందరూ కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. నాకు ఇక్కడి నుంచే మొదలైంది.

గార్డు మళ్లీ వెదురు కొట్టనివ్వలేదు. వానలు ముందున్నాయి. హాలు అరుగు మీద ఉండమంటే, ఊరి ఇంట్లో నేనెట్లుంటా అన్నాడు మామ. చివరికి నేను కొట్టుకొచ్చిన ఆ వెన్నెల వెదురే తన ఇంటికి కట్టుకున్నాడు. హాలుకి నా చేత్తో కట్టనన్న మనిషి, తన నెత్తి మీద మాత్రం ఆ చేత్తోనే కట్టుకున్నాడు.

ఏడాది తిరగకుండానే పిండి రాలడం మొదలైంది. మంచం మీద, నీళ్లకుండ మూత మీద, అన్నం గిన్నెలో. పొద్దున హాలుకి వచ్చేసరికి ఆయన జుట్టు పసుపుగా ఉండేది. పదిమందిలో నా ముందు నిలబడి తల దులుపుకునేవాడు. "కోడలా, నీ పుణ్యాన పిండి విసిరే పని తప్పింది నాకు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికి వచ్చాక ముద్ద దిగేది కాదు.

ఆ ఏటి నుంచి ప్రతి అమావాస్యకి అడవికి వెళ్లి ఒక్క గడ కొట్టుకొచ్చేదాన్ని. ఒక్కటే భుజాన వేసుకుని వస్తే గార్డు చూసీ చూడనట్టు పోయేవాడు. మామ దాని చివర గీకి, నాలుక మీద వేసుకుని, తల ఊపి, పాతది తీసి ఇది కట్టేవాడు. అలా ఏళ్లు పట్టింది. చివరికి ఆయన మంచం మీది గడ ఒక్కటే మిగిలింది. అది తీయనివ్వలేదు. లోపల పురుగు కిర్రు కిర్రుమని తింటుంటే పట్టపగలు కూడా వినబడేది.

"అదొక్కటి ఉండనీయి. నువ్వు గులుగుతున్నట్టే ఉంటది. ఇంట్ల ఒక మనిషున్నట్టుంటది" అన్నాడు.

కోపం వచ్చింది నాకు. తిట్టాను కూడా. తిట్టినంతసేపూ పైకి చూస్తూ, పైన పురుగు, కింద నువ్వు అని నవ్వాడు.

మొన్న శ్రావణంలో, పున్నమికి ఇంకా మూడు రోజులు ఉండగా పోయాడు. పొద్దున అంబలి తీసుకెళితే మంచం మీద అలాగే ఉన్నాడు. మొహం మీద సన్నగా పిండి ఉంది. కొంగుతో తుడిచాను.

మగవాళ్లు అడవికి వెళ్లి రెండు పచ్చి గడలు కొట్టుకొచ్చి పాడె కట్టారు. ఏ రోజున కొట్టారని ఎవరూ అడగలేదు. అప్పుడు తట్టింది నాకు, ఎప్పుడు కొట్టినా నడిచే పని ఏదో. ఇన్నేళ్లు అడుగుతూనే ఉన్నాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

పాడె లేపి హాలు దాకా వచ్చేసరికి వాన విరుచుకుపడింది. ఆ వానలో కట్టెలు అంటుకోవు. ఆగాల్సిందే. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి వేపచెట్టు కింద దించుదామన్నారు. హాల్లోకి వద్దన్నారు కొందరు. పిల్లలకు అన్నం వండే చోటు, రెండు రోజుల్లో పెళ్లి కూడా ఉంది అందులో. వాళ్లు చెప్పిందీ తప్పు కాదు. పాడె ఆ చెట్టు కిందికి, సరిగ్గా నా మొగుడు తడిసిన చోటికే వెళుతోంది.

నేను అరుస్తానని అందరూ నా వంక చూశారు. గొంతు లేవలేదు. దగ్గరున్న వాళ్లకే వినబడింది.

"ఈయన్ని గూడ తడవనియ్య. తలుపు తియ్యిండి."

వద్దన్నవాళ్లే వెళ్లి తలుపు తీశారు.

హాలు మధ్యలో దించారు. పైన పెంకుల మీద వాన హోరు. కింద ఒక్క చుక్క పడలేదు. ఏ ఇంటికి వెళ్లినా ముందు కప్పు చూసే మనిషి, వెల్లకిలా పడుకుని, తన వెదురు కిందే ఉన్నాడు. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. పాడె గడ చివర పచ్చిగా, తడిగా నా మోకాలి పక్కనే ఉంది. గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాను.

తియ్యగా ఉంది. ఉమ్మలేదు. మింగేశాను.